కొద్దిమంది చదివే పత్రికకు ప్రకటనలెవరిస్తారు?
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగల గురించో పద్యాల గురించో మాట్లాడమంటే మాకు సులువుగా ఉండేది. కార్యదర్శిగారు డబ్బు గురించి మాట్లాడమన్నారు. అందులోనూ ప్రకటనల డబ్బు. ముప్పై ఏళ్లకు పైగా ఐరిష్ పిల్లలకు లెక్కలు చెప్పినవాళ్లం కనుక కాదనలేకపోయాం. మాది సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. మా తాతగారు విశాఖపట్నం వైపు నుంచి నేటాల్ చెరకు తోటలకు వెళ్లారు. మా నాన్నగారు తెలుగు మాట్లాడేవారు గాని రాయడం రాదు. మేము అక్షరాలు దిద్దింది డర్బన్‌లో, పగలంతా ఇంగ్లీషు బడి అయిన తర్వాత. అందుచేత వ్యాపార శాస్త్రపు పెద్ద మాటలు మా దగ్గర లేవు. తెలిసిన మాటల్లోనే మనవి చేసుకుంటాం.

విషయమేమంటే, మీ చేతిలో ఉన్న ఈ సంచిక అచ్చు ఖర్చు, శుక్రవారం సాయంత్రం పిల్లల తెలుగు తరగతికి తీసుకున్న గది అద్దె, ఈ రెండూ ప్రకటనల రాబడి మీదే నడుస్తున్నాయి. రెండేళ్లుగా ఆ రాబడి తగ్గుతూ వస్తోంది. ఇదే వరస సాగితే వచ్చే సెప్టెంబరులో పిల్లలకు గది ఉండదు. తరగతి ఎవరింటి ముందు గదిలోనో పెట్టుకోవచ్చు అంటారు. పెట్టుకోవచ్చు. కాని అలా ఇంటింటికీ తిరిగిన తరగతులు ఏమయ్యాయో నేటాల్ నుంచి, మలయా నుంచి, మారిషస్ నుంచి వచ్చిన మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

కిందటేటి సంచికను మేము ఒక పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాం. 48 పుటలు. అందులో 19 పుటలు ప్రకటనలు. ఆ 19లో 14 ‘శుభాకాంక్షలతో’ అనే పుటలు. పైన దీపం బొమ్మ, కింద ఒక డాక్టరుగారి పేరో, గణకుడిగారి పేరో. అది ప్రకటన కాదండీ, అది చందా. మన మీద ఉన్న అభిమానంతో ఇచ్చినది. ఆ డాక్టరుగారు పదవీ విరమణ చేసి స్పెయినుకు వెళ్లిపోయారనుకోండి, ఆ పుట కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. వెళ్లిపోయింది కూడా. మిగిలిన అయిదు పుటలే నిజంగా ఎవరో తమ సరుకు అమ్ముడుపోవాలని వేయించుకున్నవి. ఆ అయిదింటిలో ఒక్కటీ తగ్గలేదన్నది గమనించదగిన సంగతి.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళదాం. తెలుగువారిలో ఈ చిక్కు మొదట విడదీసిన మహానుభావుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. తలనొప్పి మందుకు పేరు రావడానికి సంగీత కచేరీలలో ఉచితంగా పంచిపెట్టేవారని చెబుతారు. 1908లో అదే బొంబాయిలో ఆంధ్ర పత్రికను వారపత్రికగా స్థాపించారు. బొంబాయిలో తెలుగు పత్రిక ఏమిటి అని మీకు తోచవచ్చు. తాపీపనివారు, కూలీలు, మిల్లుల్లో పనిచేసేవారు, చిన్న వ్యాపారులు అక్కడ బోలెడుమంది తెలుగువారు. కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వచ్చింది తెలుగు దేశం నుంచి వెళ్లిన కామాఠీల వల్లనే. వారికి ఇంగ్లీషు పత్రిక అక్కరలేదు, గుజరాతీ పత్రిక అర్థం కాదు. వారిని పలకరించాలంటే తెలుగు పుట ఒక్కటే దారి. ఆ దారి పంతులుగారి చేతిలో ఉంది.

తర్వాత 1914లో పత్రికను మద్రాసుకు తరలించి దినపత్రిక చేశారు. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక ప్రారంభించారు. శాసనాల మీద, ఛందస్సు మీద దీర్ఘ వ్యాసాలు వేసే పత్రికకు ఎందరు పాఠకులుంటారు? అయినా భారతి దశాబ్దాల పాటు నడిచింది. వెనుక అమృతాంజనం డబ్బా ఉంది కనుక. మందు పత్రికను పోషించింది, పత్రిక మందు పేరును ఇంటింటికీ మోసింది. మద్రాసులోనే డాక్టర్ కె. ఎన్. కేసరిగారు కూడా ఇలాగే చేశారు. కేసరి కుటీరంలో తయారైన లోధ్ర అనే స్త్రీల మందు, 1928లో మొదలైన గృహలక్ష్మి అనే స్త్రీల పత్రిక. మందు ఎవరికో పత్రికా వారికే. చదువరులకూ కొనుగోలుదార్లకూ మధ్య సందు లేదు. ఇంత చక్కగా అతికిన జోడు మాకు మరొకటి కనబడదు.

మనకు అమృతాంజనం లేదు. కనుక ఇంకొకరి సరుకు కోసం మన పుట అమ్మాలి. అంటే బజారున పడాలి. ఆ పని ఎలా ఉంటుందో ఈ డబ్లిన్ నగరంలోనే ఒక పెద్ద పుస్తకం రాసి పెట్టారు. 1922లో వెలువడిన జేమ్స్ జాయిస్ ‘యులిసెస్’ గురించి మీ పిల్లలు కళాశాలలో విని ఉంటారు. ఏటా జూన్ 16న టోపీలు పెట్టుకుని ఊరేగుతారే, ఆ పుస్తకం. అందులోని కథానాయకుడు లియోపోల్డ్ బ్లూమ్ వీరుడూ కాదు, పండితుడూ కాదు. ఫ్రీమన్స్ జర్నల్ అనే దినపత్రికకు ప్రకటనలు సేకరించే మనిషి. పాపం, ఆ రోజంతా అతను కీస్ అనే టీ, సారాయి వర్తకుడి ప్రకటన ఒకటి పొడిగింపించడానికి తిరుగుతాడు. వర్తకుడి పేరు కీస్, కనుక ఒకదాని మీద ఒకటి వేసిన రెండు తాళపుచెవుల బొమ్మ వేయాలి. ఆ బొమ్మ కిల్కెన్నీ పత్రికలో పడింది. దాన్ని వెతకడానికి జాతీయ గ్రంథాలయానికి వెళ్లాలి. ఇక బేరం. కీస్ రెండు నెలలకు ఒప్పుకుంటానంటాడు, పత్రికలో తన దుకాణం గురించి నాలుగు మంచి మాటలు వార్తగా వేస్తే. పత్రిక వారు మూడు నెలలు కావాలంటారు. సంపాదకుడి దగ్గరకు వెళితే ఆయన చెప్పిన బూతు మాట ఇక్కడ ఆడవాళ్ల ముందు చెప్పరానిది.

మేము ఆ పుస్తకం పూర్తిగా అర్థమైందని చెప్పం. ఈ బేరం మాత్రం బాగా అర్థమైంది. ఎందుకంటే కిందటి సంవత్సరం మాకూ ఎదురైంది. ఒక దుకాణదారు, పేరు అనవసరం, అర పుట ప్రకటన ఇస్తాను, లోపల మా వంటల గురించి ఒక వ్యాసం వేయండి, ప్రకటన అని మాత్రం రాయకండి అన్నాడు. డబ్బిచ్చి వేయించుకున్న మాటను ఉచితంగా చెప్పిన మాటలా వేయమన్నమాట. బ్లూమ్‌గారికి 1904 జూన్‌లో వచ్చిన బేరమే ఇది. మేము ఒప్పుకోలేదు. ప్రకటన పోయింది.

బ్లూమ్‌లో మాకు నచ్చిన గుణం ఇంకొకటుంది. డబ్బాలో నిలవచేసిన మాంసం ప్రకటనను చావు కబుర్ల కింద వేశారని చూసి, ఎంత తెలివితక్కువతనం అనుకుంటాడు. ఏ పుటలో ఏది పక్కన ఉండాలి అనే బుద్ధి అది. ఇదే డబ్లిన్‌లో ఐరిష్ హోమ్‌స్టెడ్ అనే వారపత్రిక ఉండేది. పాడి సహకార సంఘాల రైతుల పత్రిక. 1904లో జాయిస్ రాసిన తొలి కథలు మూడు అందులోనే పడ్డాయి. తర్వాత యులిసెస్‌లో దానిని పందుల పత్రిక అని ఎగతాళి కూడా చేశాడు. కాని రైతులకు పాలయంత్రాలు అమ్మేవాడు ఆ పందుల పత్రికను ఎగతాళి చేయడు. వెన్న తీసే యంత్రం కొనేవాడు ఆ పుటలోనే దొరుకుతాడు గనుక. పాఠకులు తక్కువ కావడం లోపం కాదు. ఆ పాఠకుడు మరొక చోట దొరకడం లోపం.

ఈ మాటను కొంచెం విడమరచి చెప్పాలి. ఈ దేశపు సొంత భాషకు జరిగింది చూడండి. ఫోయిన్షె అనే ఐరిష్ భాషా వారపత్రిక 1996లో మొదలైంది. లా నువా అనే మరొక ఐరిష్ పత్రిక బెల్‌ఫాస్టు నుంచి వచ్చేది. రెండింటికీ ప్రభుత్వ భాషా సంస్థ సహాయం ఉండేది. లా నువా 2008 చివర్లో మూతపడింది. ఫోయిన్షె 2009లో ఆగిపోయి, అదే సంవత్సరం ఒక పెద్ద ఇంగ్లీషు దినపత్రికతో ఉచితంగా ఇచ్చే అనుబంధంగా తిరిగి వచ్చింది. పాఠకులు బీదవారు కారు. ఉపాధ్యాయులు, ఉద్యోగులు, కార్లు కొనేవారు. అయినా కారు అమ్మేవాడు ఐరిష్ పుటకు డబ్బు పెట్టడానికి వెనుకాడతాడు. ఐరిష్ చదివే ప్రతివారూ ఇంగ్లీషూ చదువుతారు. అదే మనిషి ఇంగ్లీషు పత్రికలో ఎలాగూ దొరుకుతున్నప్పుడు రెండుసార్లు ఎందుకు కొనాలి? ఇది మా ఊహ మాత్రమే అనుకున్నా సరే, లెక్క మాత్రం అలాగే తేలుతుంది.

మన పరిస్థితి అంతకన్నా సున్నితం. 1908 నాటి బొంబాయి కామాఠీకి తెలుగు తప్ప గతి లేదు. మన పిల్లలకు ఇంగ్లీషు తప్ప గతి లేదు, తెలుగు ముచ్చట. కనుక ‘మాది తెలుగు పత్రిక, ప్రకటన ఇవ్వండి’ అంటే బ్యాంకు వాళ్లు నవ్వి, మర్యాదగా టీ ఇచ్చి పంపుతారు. మాకు రెండుసార్లు టీ ఇచ్చారు. మంచి టీయే.

ఇంటర్నెట్‌లో పెడితే గూగుల్ వాళ్లే ప్రకటనలు తెచ్చి పెడతారు కదా, ఈ తిరుగుడెందుకు అని యువకులు అడుగుతున్నారు. నిజమే. ఆ సంస్థ ఐరోపా కేంద్రం ఇక్కడే, డబ్లిన్ బారో వీధిలో ఉంది. ఇతరుల పుటల్లో ప్రకటనలు పెట్టే వారి పథకం 2003లో వచ్చింది. తెలుగు పుటలను అందులో చేర్చుకున్నది 2018లో. పనితీరు ఇది. పుట తెరిచిన క్షణంలో ప్రకటనదారుల మధ్య వేలంపాట జరుగుతుంది. ఎక్కువ పాడినవాడి బొమ్మ కనిపిస్తుంది. ప్రకటనదారు పెట్టిన నూరు రూపాయల్లో సుమారు 68 పుట యజమానికి వస్తాయి. ఇక్కడ 70 యూరోలు పోగయ్యేదాకా చెల్లింపు ఉండదు. 2024 నుంచి ఐరోపాలో చదువరి అనుమతి అడిగే ఏర్పాటు కూడా వారు ఒప్పుకున్న పద్ధతిలో ఉండాలి. ఈ రాబడి ఎవరికైనా సొంతంగా వస్తే పన్ను కార్యాలయానికి చెప్పి తీరాలి. జీతం మీద పన్ను కట్టేవారికి బయటి నికర ఆదాయం 5,000 యూరోలు మించకపోతే ఫారం 12 సరిపోతుంది. ఆ పైన అయితే ఫారం 11.

మన సంఘంలోని ఒక అమ్మాయి ఈ పని చేసి చూసింది. పేరు చెప్పవద్దంది. ఈ చలిదేశంలో గోంగూర, మెంతికూర, సొరకాయ పెంచడం ఎలా అనే చిన్న పత్రిక ఆమెది. ప్లాస్టిక్ గుడారం ఎప్పుడు కట్టాలి, గింజలు ఇంట్లో కిటికీ దగ్గర ఎప్పుడు మొలకెత్తించాలి, ఆగస్టులో తెగులు వస్తే ఏం చేయాలి, అవే సంగతులు. గోంగూర మీద ఇంత చదవగలమని మేమెన్నడూ అనుకోలేదు. వేలంపాట యంత్రంతో 70 యూరోలు పోగవడానికి ఆమెకు పదకొండు నెలలు పట్టింది. యంత్రం అక్కడ ఏం చూపిందంటే, చదువరి నిన్న ఏ చెప్పులు చూశాడో ఆ చెప్పులే. గోంగూర పుటలో చెప్పులు! చావు కబుర్ల కింద మాంసం డబ్బాలాగే.

తప్పు యంత్రానిది కాదు. అది పుటను కాదు, మనిషిని వెంబడిస్తుంది. ఆ మనిషి గోంగూర పుటలో ఉన్నా, ఫుట్‌బాల్ పుటలో ఉన్నా దానికి ఒకటే. ఎక్కడ చవకైతే అక్కడ పట్టుకుంటుంది. అంటే మన చదువరి మరొక చోట దొరికేశాడన్నమాట. ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక పని చేసింది. మీథ్ జిల్లాలో ప్లాస్టిక్ గుడారాలు అమ్మే ఒక ఐరిష్ పెద్దమనిషి దగ్గరకు తానే వెళ్లింది. నా చదువరులు మూడు వందల పైచిల్లర, అందరూ కూరగాయలు పెంచాలనుకునేవారే, ఎందరికి గుడారం ఉందో ఎందరికి లేదో ఇదిగో అని కాగితం చూపించింది. అడిగి తెలుసుకుని రాసిన లెక్క, ఊహించినది కాదు. ఆయన సంవత్సరానికి ఒక చోటు తీసుకున్నాడు. యంత్రం పదకొండు నెలల్లో ఇచ్చినదానికి అయిదు రెట్లు ఒక్క కరచాలనంలో వచ్చింది. రెండో సంవత్సరం ఆయనే ఫోన్ చేశాడు.

మూడు వందలమందే కదా అని ఆయన అనలేదు. గుడారం కొనబోయే మూడు వందలమంది ఒకే చోట మరెక్కడ దొరుకుతారు?

మన సంచికకూ ఇదే చేయాలని మా మనవి. మన కుటుంబాలు మాత్రమే కొనేవి ఏవి? పెళ్లికి వంద మందికి పెసరట్టు పోసే వంటవారు. ఉగాదికి వేపపువ్వు తెప్పించే కొట్టు. కూచిపూడి బట్టలు కుట్టేవారు. డర్బన్‌కో కౌలాలంపూర్‌కో పోర్ట్ లూయీకో ముసలి తల్లిని చూడటానికి వెళ్లేవారికి టికెట్లు ఇచ్చేవారు. పాత ఓడల దస్తావేజుల్లో తాతల పేరు, ఊరు వెతికి పెట్టేవారు. ఈ చివరివారు మాకు తెలిసి ఇంకా మన సంచికకు రాలేదు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు నేటాల్‌కు వెళ్లిన వారి జాబితాల్లో పేరు, తండ్రి పేరు, జిల్లా, గ్రామం రాసి ఉంటాయి. ఆ జాబితా తిరగేయాలనే కోరిక ఈ గదిలో ఉన్నంత దట్టంగా ఐర్లండులో మరే గదిలోనూ ఉండదు. అది అమ్మకానికి పనికి వచ్చే సంగతి, పైగా అబద్ధం కాదు.

ఇక మొన్న కార్యవర్గంలో వాదోపవాదాలు జరిగిన సంగతికి వస్తాం. హైదరాబాదు శివార్లలో ప్లాట్లు అమ్మే ఒక సంస్థ వెనుక అట్ట మొత్తం అడిగింది. ఇస్తామన్న సొమ్ముతో సంవత్సరం గది అద్దె తీరిపోతుంది. తీసుకోవాలన్నవారు చెడ్డవారు కారు, వారి పిల్లలే ఆ తరగతిలో ఉన్నారు. మేము రెండు ప్రశ్నలు రాసి పంపాం. భారతదేశపు 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్లు మించిన స్థలాన్ని ప్లాట్లుగా అమ్మబోయేవారు ఆ రాష్ట్ర ప్రాధికార సంస్థ దగ్గర నమోదు చేసుకోకుండా ప్రకటన ఇవ్వడానికే వీల్లేదు. మీ నమోదు సంఖ్య ఏది? నమోదు వివరాలు చూసుకునే ప్రాధికార సంస్థ వెబ్‌సైటు చిరునామా ప్రకటనలో వేస్తారా? జవాబుగా రంగురంగుల బొమ్మలు వచ్చాయి, సంఖ్య రాలేదు. అట్ట ఇవ్వలేదు.

కొందరికి ఇది చాదస్తంగా తోచింది. కాని ఆలోచించండి. ఆ వ్యాపారికి కావలసింది మన కాగితం కాదు. మూడు తరాలుగా ఊరు చూడని మనిషికి ఊళ్లో గజం నేల ఉండాలనే ఆశ ఉంటుందే, అదీ వారికి కావలసింది. మన సంచికలో పడింది కనుక సంఘం వారు చూసే ఉంటారని మన పెద్దవాళ్లు నమ్ముతారు. ఆ నమ్మకం ఒక్కటే మన దగ్గర ఉండి, మరొక చోట దొరకని సరుకు.

ఇందులో మాకు ముందు నడిచిన పెద్ద ఒకరున్నారు గాని, ఆయన దారి మనం పట్టలేం. నేటాల్‌లో 1903లో మొదలైన ఇండియన్ ఒపీనియన్ గాంధీగారిది. 1904లో ఫీనిక్స్ తోటకు మార్చారు. ఇంగ్లీషు, గుజరాతీ, తమిళం, హిందీ పుటలుండేవి. తెలుగు పుట లేదు, ఆ మాట మా నాన్నగారు ఎప్పుడూ అనేవారు. మొదట్లో దాన్ని నిలబెట్టడానికి గాంధీగారు నెలకు 75 పౌన్లు సొంత సంపాదన పోసేవారు. ప్రకటనలూ ఉండేవి. ఏ ప్రకటన తీసుకోవాలి, ఏది వద్దు, ఫలానా పెద్దమనిషిది కాదంటే ఏమనుకుంటాడో అనే తర్జనభర్జనలో మంచి పనివారి కాలం పోతోందని చూసి, 1912లో ప్రకటనలే మానేశారు. చందాదార్లే పత్రికకు యజమానులన్నారు. ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజుల్లో 3,500 ప్రతుల వరకు పోయేది. మనకు ఉద్యమం లేదు, ఉన్నది పిల్లల తరగతి. చందా ఒక్కదానితో గది అద్దె రాదని కోశాధికారిగారు ఇప్పటికే లెక్క చూపించారు.

కాబట్టి కార్యవర్గం ఈ ఏడాదికి కొన్ని సంగతులు అనుకుంది. ‘శుభాకాంక్షలు’ అన్నీ కలిపి రెండు పుటల్లో దాతల పేర్లుగా వేస్తాం. దానం దానంగానే ఉంటుంది. డబ్బు తీసుకుని వేసిన ప్రతి పుట మీద ‘ప్రకటన’ అనే మాట ఉంటుంది. పిల్లలు రాసిన పుటల పక్కన ఏ ప్రకటనా ఉండదు. ప్రతి కుటుంబం ఒక కాగితం నింపి ఇవ్వాలి: ఇంట్లో ఎందరు, తెలుగు చదివేవారెవరు, ఈ ఏడాది పెళ్లి ఉందా, ప్రయాణం ఉందా, తోట ఉందా. పేర్లు అక్కరలేదు, మొత్తాలు మాత్రమే వ్యాపారులకు చూపిస్తాం. లెక్కలు కూడే పని మాది.

కాగితాలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి, పెన్సిళ్లతో సహా. వచ్చే శనివారం పది గంటలకు పార్నెల్ వీధి కొట్లకు వెళ్లడానికి ఇద్దరు కావాలి. ఒకరు బాగా మాట్లాడేవారై ఉండాలి, రెండోవారు మేము వస్తాం.